ఎస్.కోట ఘాట్‌కు ఏ సైకిలు, ఎంత సామాను?

విజయనగరం నుంచి ఎస్.కోట (శృంగవరపుకోట) మీదుగా అరకుకు సైకిలు మీద వెళ్ళాలనుకుంటే ముందు తేల్చుకోవలసింది రాత్రి బస. సైకిలు సంగతి ఆ తర్వాతే. అనంతగిరిలోనూ అరకులోనూ పర్యాటక సంస్థ వారి హరిత రిసార్టులున్నాయి. అరకులో ప్రైవేటు లాడ్జీలకూ కొదవ లేదు. కాబట్టి గుడారం, పరుపు, పొయ్యి మోయనక్కర్లేదు. సీటు వెనక ఒక సంచి, హ్యాండిల్‌కు మరొకటి చాలు. శీతాకాలమైతే స్వెట్టర్ మాత్రం మరవకూడదు. మొత్తం సామాను 4 కిలోలు దాటనివ్వను.

ఎస్.కోట వరకు 30 కిలోమీటర్ల పైచిలుకు దారి సాఫీగా సాగిపోతుంది. అసలు పరీక్ష ఆ తర్వాతే. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది గాని, దారి గాలికొండ దగ్గర అంతకంటే పైకి ఎక్కి, మళ్ళీ లోయలోకి దిగుతుంది.

నాతో వచ్చిన మిత్రుడిది ఖరీదైన కార్బన్ సైకిలు, నా అల్యూమినియం సైకిలు కంటే 2 కిలోలు తేలిక. మనిషి, సైకిలు, సామాను కలిపి 85 కిలోలనుకుంటే, 3 గంటల ఎక్కుడులో ఆ 2 కిలోలు మిగిల్చేది మహా అయితే 4 నిమిషాలు. అతని సైకిలుకు వెనక గేర్లలో అన్నిటికంటే పెద్ద పళ్ళచక్రం 28 పళ్ళది, నాది 34. ముందు ఇద్దరికీ 34 పళ్ళే. పెడళ్ళు నిమిషానికి 60 చుట్లు తిరగాలంటే అతను గంటకు 9 కిలోమీటర్ల వేగం అందుకోవాలి, నాకు ఏడున్నర చాలు. అందుకే నిటారు మలుపు వచ్చినప్పుడల్లా అతను సీటు మీంచి లేచి, పళ్ళు బిగపట్టి తొక్కాడు. నేను కూర్చునే ఎక్కాను. డబ్బు పెట్టదలిస్తే ముందు పెద్ద క్యాసెట్‌కు (వెనక పళ్ళచక్రాల గుత్తి), దానికి సరిపడే డిరైల్లర్‌కు (గొలుసును గేరు నుంచి గేరుకు మార్చే పరికరం) పెట్టండి. ఫ్రేము తర్వాత చూసుకోవచ్చు.

టైర్లు 32 మిల్లీమీటర్లవి మేలు. 25వి తేలికే, కానీ తడిసిన మలుపుల్లో నాకు వాటి మీద నమ్మకం లేదు. దిగేటప్పుడు బ్రేకు అదేపనిగా నొక్కి ఉంచితే రిమ్ము బాగా వేడెక్కిపోతుంది. మలుపుకు ముందే గట్టిగా నొక్కి, వదిలేయాలి.

మరమ్మతు సేవల విషయానికొస్తే, ఎస్.కోటలో మేము ఆగిన దుకాణంలో మామూలు సైకిళ్ళ పనంతా చక్కగా చేస్తారు. మా సన్న వాల్వుకు మాత్రం దుకాణదారు పంపు పట్టలేదు. మిత్రుడి సంచిలోని ఇత్తడి అడాప్టర్ బిగించాక గాలి ఎక్కింది. చిటికెనవేలి గోరంత ఉంటుందది. దుకాణదారు దాన్ని తిప్పి తిప్పి చూసి, గాలికి డబ్బులు తీసుకోలేదు. ట్యూబులు మాత్రం విజయనగరంలోనో విశాఖలోనో కొని దగ్గర పెట్టుకోవాలి.

సాలూరు మీదుగా ఒడిశా వైపు ఎక్కే ఘాట్ కూడా అందమైనదే. కాని లారీల ఊరు సాలూరు, జాతీయ రహదారి 26 నిండా వాటి పొగే. ఎగువకు నెమ్మదిగా తొక్కేవాడికి ఆ పక్క ఊపిరాడదు. నా ఓటు ఎస్.కోటకే.

తిరుగు ప్రయాణంలో ఓపిక లేకపోతే అరకు నుంచి విశాఖకు రైలుంది. సైకిలును లగేజీగా బుక్ చేయాలి, స్టేషనుకు ముందుగా వెళ్ళండి.