డిస్లెక్సియా ఉన్న మా పాపకి సెన్సరీ ఇంటిగ్రేషన్ థెరపీ: రెండేళ్లు దాటాక నా రివ్యూ

ముందే చెప్పేస్తాను. మా పాపకి డిస్లెక్సియా, అంటే తెలివి బాగానే ఉన్నా చదవడం, రాయడం పట్టుబడని ఇబ్బంది. హైదరాబాద్‌లో రెండేళ్లకు పైగా సెన్సరీ ఇంటిగ్రేషన్ థెరపీ (ఊగడం, దూకడం లాంటి ఆటలతో స్పర్శ, బ్యాలెన్స్ లాంటివి సర్దుకునేలా చేసే థెరపీ) చేయించాం. దానివల్ల తనకి మేలు జరిగింది, కానీ చదవడం మాత్రం దానివల్ల రాలేదు. సెంటర్ల వాళ్ళు మొదటి ముక్కే చెప్తారు, విసిగిపోయిన తల్లిదండ్రులు రెండో ముక్కే చెప్తారు, కొత్తగా రిపోర్టు చేతిలో పట్టుకుని ఎక్కడికెళ్ళాలో తెలియక తిరుగుతున్నవాళ్ళకి మాత్రం రెండూ కావాలి, అందుకే రాస్తున్నాను.

పాప రెండో తరగతిలో ఉండగా అసెస్‌మెంట్ చేయించాం. అంతకుముందే కళ్ళు, చెవులు పరీక్ష చేయించాం, రెండూ బాగున్నాయి. కథ చదివి వినిపిస్తే మొత్తం అప్పజెప్పేది. తనంతట తను చదవాల్సి వస్తే మాత్రం 'మ'కీ 'య'కీ తేడా తెలిసేది కాదు, 'కొ'నా 'కో'నా అని ఆగిపోయేది, వత్తు కనబడితే ఆ పదం వదిలేసి ముందుకి వెళ్ళిపోయేది. ఇంగ్లీషులో అయితే మొదటి అక్షరం చూసి మిగతాది ఊహించి చెప్పేయడమే. ఇవి కాక ఇంకో రకం ఇబ్బందులు కూడా ఉండేవి. కుర్చీలో నిలకడగా కూర్చోలేదు, పెన్సిల్ ఎంత నొక్కిపట్టి రాసేదంటే కింద పేజీ మీద కూడా అచ్చు పడేది, స్కూల్లో గోలకి చెవులు మూసుకునేది, గుండీలు పెట్టుకోవడానికి రోజూ ఏడుపే. ఈ రెండో రకం చూసే సైకాలజిస్ట్ గారు ఆక్యుపేషనల్ థెరపీకి పంపారు. రోజువారీ పనులు తేలిగ్గా చేసుకునేలా పిల్లలకి సాయపడే థెరపీ ఇది, దీన్నీ, చేసే థెరపిస్ట్‌నీ కూడా ఓటీ అనే అంటారు, సెన్సరీ ఇంటిగ్రేషన్ ఇందులో ఒక పద్ధతి. చదువులో ఇబ్బంది ఉన్న పిల్లలకి విడిగా నేర్పే స్పెషల్ ఎడ్యుకేటర్ క్లాసులు కూడా దాంతోపాటే మొదలుపెట్టమన్నారు.

ఈ సెన్సరీ ఇంటిగ్రేషన్ పద్ధతి మొదలుపెట్టింది కాలిఫోర్నియాలో పనిచేసిన జీన్ ఎయిర్స్ అనే ఆక్యుపేషనల్ థెరపిస్ట్. 1972లో దీని మీద ఆవిడ పుస్తకం వచ్చింది. స్పర్శ, చెవి లోపలి బ్యాలెన్స్, కండరాల నుంచీ కీళ్ల నుంచీ వచ్చే సమాచారం, ఇవన్నీ మెదడులో సరిగ్గా కలవకపోతే పిల్లలకి కదలికల్లోనూ చదువులోనూ ఇబ్బంది వస్తుందని, పునాది గట్టిపడితే పైన చదువు కూడా నిలబడుతుందని ఆవిడ ఆలోచన. వినడానికి చాలా సబబుగా ఉంటుంది. అందుకే డిస్లెక్సియా అనగానే ఇప్పటికీ చాలామంది ఈ థెరపీ పేరు చెప్తారు.

సెషన్ ముప్పావుగంట. బయటినుంచి చూస్తే ఆటలాగే ఉంటుంది. వేలాడదీసిన చెక్క స్వింగ్ మీద పాప బోర్లా పడుకుని, ఊగుతూనే కింద పరిచిన రింగుల్లోంచి ఒకటి అందుకుని ఎదురుగా ఉన్న కర్రకి తగిలించాలి. మొదట్లో తల పైకెత్తి ఉంచలేకపోయేది, మెడ వాలిపోయేది, రెండు రింగులు కాగానే దిగిపోతానని గొడవ. ఓటీ మేడమ్ స్వింగ్ ఎత్తు తగ్గించి, తాడు పాప చేతికే ఇచ్చి, "ఎప్పుడు ఆపాలో నువ్వే చెప్పు" అనేవారు. నన్నడిగితే మంచి ఓటీని గుర్తుపట్టడానికి ఇదొక్కటి చాలు. పిల్ల ఇష్టపడి, కొంచెం కష్టపడి చేసేలా ఆట మారుస్తూ పోవాలి. ఏడుస్తున్న పిల్లని పట్టుకుని ఊపడం థెరపీ కాదు. తర్వాత ట్రాంపొలిన్, మందపాటి పరుపు మీదకి దూకడం, గట్టి బంకలాంటి పుట్టీలో దాచిన పూసలు వేళ్ళతో వెతికి తీయడం, ఇలా సాగేది.

ఇంటి దగ్గర కూడా పని ఇచ్చేవారు: చపాతీ పిండి కలపడం, నీళ్ల బాటిళ్లు మోయడం, రెండు చేతులతో గోడని నెట్టడం, తొక్కుడుబిళ్ళ. హోంవర్కుకి ముందు కాసేపు ఇవి చేయిస్తే ఆ తర్వాత కూర్చోవడం తేలికయ్యేది. పైసా ఖర్చు లేనివి, మాకు బాగా పనికొచ్చినవి ఇవే. బరువు జాకెట్టు వేయడం, చేతులూ కాళ్ళూ బ్రష్‌తో రుద్దడం కూడా చేసి చూశాం, వాటివల్ల ఏ తేడా కనబడలేదు, పైగా బ్రష్ అంటే పాపకి చిరాకు, మానేశాం.

ఏం మారిందంటే, ఏడాది తిరిగేసరికి గుండీలు తనే పెట్టుకుంటోంది. పెన్సిల్ మీద ఒత్తిడి తగ్గింది, చెయ్యి నొప్పి అనకుండా పేజీ రాస్తుంది. స్కూల్ ఫంక్షన్‌లో మైకు మోగితే బయటికి పరిగెత్తడం లేదు. సాయంత్రం అయ్యేసరికి ఇంట్లో ఉండే టెన్షన్ సగానికి సగం తగ్గింది, ఇది మామూలు విషయం కాదు. వయసుతోపాటు వచ్చిన మార్పు కూడా ఇందులో కొంత ఉండొచ్చు, ఎంత అనేది విడదీసి చెప్పలేను.

చదువు సంగతి వేరు. మధ్యలో మా స్పెషల్ ఎడ్యుకేటర్ కాన్పుకని కొన్ని నెలలు సెలవు పెట్టారు, వేరేవాళ్ళు దొరకలేదు, ఓటీ మాత్రం ఆపకుండా నడిచింది. ఆ నెలల్లో పాప హాయిగా కూర్చునేది, కానీ అదే పేజీ, అవే తప్పులు. ఆవిడ తిరిగొచ్చాక మళ్ళీ కదలిక వచ్చింది. ఆ తర్వాత వేసవిలో ఓటీ ఆపి చదువు క్లాసులే నడిపితే, చదవడం ఏమాత్రం వెనక్కి పోలేదు.

ఒక్క పిల్ల అనుభవంతో తేల్చేయకూడదు కాబట్టి బయట ఏం ఉందో కూడా చూశాను. చదువులో ఇబ్బంది ఉన్న పిల్లల మీద అప్పటిదాకా జరిగిన అధ్యయనాలని 1994లో ఇద్దరు పరిశోధకులు పరిశీలించి, ఈ థెరపీ వాళ్ళ చదువుకి పనిచేస్తుందనడానికి ఆధారం లేదని తేల్చారు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012లో ఇచ్చిన ప్రకటనలో, సెన్సరీ థెరపీలకి ఆధారాలు పరిమితంగానే ఉన్నాయని, మొత్తం ప్లాన్‌లో ఒక భాగంగా వాడుకోవచ్చు గానీ ఫలానా లక్ష్యం అని పెట్టుకుని ఫలితం గమనిస్తూ ఉండాలని చెప్పింది. కారణం కూడా అర్థమయ్యేదే. డిస్లెక్సియాలో ఎక్కువమంది పిల్లలకి ఇబ్బంది మాటలోని శబ్దాలని విడదీసి పట్టుకోవడంలో, వాటిని అక్షరాలకి కలపడంలో. స్వింగ్ అక్కడిదాకా చేరదు.

అక్కడికి చేరింది చింతగింజలు! స్పెషల్ ఎడ్యుకేటర్ 'షిప్' అనే మాట పలికి, ఒక్కో శబ్దానికి ఒక్కో గింజ ముందుకి జరపమంటారు. ఇంగ్లీషులో రాస్తే నాలుగు అక్షరాలు, గింజలు మాత్రం మూడే. పాప నాలుగోది పట్టుకుని ఆలోచించి వెనక్కి పెట్టేసింది. అలా విడదీయడం వచ్చాకే అక్షరాలు. తెలుగులో గుణింతం మొత్తం ఒక్కసారి కాకుండా ముందు 'కి, కీ' రెండే, అవి చూడగానే చెప్పగలిగాక 'కొ, కో'. వత్తులు చాలా తర్వాత. బియ్యం పోసిన పళ్ళెంలో వేలితో రాస్తూ పైకి అనడం కూడా ఉంటుంది. చూసి, విని, ముట్టుకుని నేర్చుకునే ఈ తరహా చదువు 1930ల్లో అమెరికాలో ఆర్టన్ అనే డాక్టరు, గిల్లింగ్‌హామ్ అనే టీచరు వేసిన దారి. మన దగ్గర చాలామంది దీన్నీ, స్వింగుల థెరపీనీ ఒకటే అనుకుంటున్నారు. ఇందులో చదువే నేర్పుతారు, అందులో చదువు ఊసే ఉండదు.

మేం మొదట కనుక్కోవడానికి వెళ్ళిన ఒక సెంటర్‌లో, "సెన్సరీ సెట్ అయితే రీడింగ్ ఆటోమేటిగ్గా వచ్చేస్తుంది, స్పెషల్ ఎడ్యుకేటర్ ఇప్పుడే అక్కర్లేదు" అని చెప్పి ఆర్నెల్ల ప్యాకేజీ ముందే కట్టమన్నారు. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది. ఎందుకంటే రెండు, మూడు తరగతుల్లో పోయిన సమయం పిల్లలకి చాలా ఖరీదైంది, ఆలోపు 'నాకు రాదు' అనే మాట మనసులో స్థిరపడిపోతుంది.

డబ్బు విషయానికొస్తే, మాకు ఓటీ సెషన్‌కి ఎనిమిది వందలు పడేది. వారానికి రెండంటే మధ్యతరగతి ఇంటికి బరువే. కాబట్టి మీ పిల్లకి చదవడం ఒక్కటే ఇబ్బంది అయితే, కూర్చోవడం, రాయడం, బట్టలు, గోల లాంటి సమస్యలు లేకపోతే, ఈ థెరపీ జోలికి వెళ్ళొద్దనే చెప్తాను. అవి ఉంటే వెళ్ళండి, కానీ ఓటీని "మూడు నెలల్లో ఏ పనిలో తేడా చూడాలి?" అని మొదటి రోజే అడిగి రాయించుకోండి. స్పెషల్ ఎడ్యుకేటర్‌కి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఇలాంటి నిపుణులని నమోదు చేసే కేంద్ర సంస్థ) రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో చూడండి. ఇంకొకటి, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో లెర్నింగ్ డిజెబిలిటీ కూడా ఉంది, డిస్లెక్సియా దాని కిందికే వస్తుంది. సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్ఈ పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి లాంటి వెసులుబాట్లు ఉంటాయి. దానికి ఓటీ ఇచ్చే సెన్సరీ రిపోర్టు సరిపోదు, చదవడం రాయడం మీద చేసిన అసెస్‌మెంటే కావాలి, ఆ కాగితాలు జాగ్రత్తగా పెట్టుకోండి.

ఇప్పుడు ఓటీ మేడమ్ దగ్గరికి అప్పుడప్పుడు రివ్యూకే వెళ్తున్నాం, గోడ నెట్టడం, తొక్కుడుబిళ్ళ ఇంట్లో నడుస్తున్నాయి. మిగిలిన డబ్బుతో చదువు క్లాసులు వారానికి రెండు కాస్తా మూడు చేశాం, వత్తులు మొదలయ్యాయి.