బందీపూర్ అంచున రెండు రాత్రులు: ముందు బాగుంది, వెనక బాగాలేదు

బెంగళూరు మారతహళ్ళిలో పదకొండేళ్ళుగా లేడీస్ పీజీ నడుపుతున్నా. ఎక్కడ దిగినా నా చూపు ముందు నీళ్ళ ట్యాంకు మీదికి, చెత్త డబ్బాల మీదికి పోతుంది. కర్ణాటకలో గుండ్లుపేట దాటాక బందీపూర్ పులుల అడవి అంచున ఉందీ లాడ్జి. పేరు రాయను; చెప్పాల్సింది మేనేజరు మొహం మీదే చెప్పొచ్చాను.

గదిలో ప్లాస్టిక్ సీసా ఒక్కటీ లేదు. స్టీలు జగ్గు, రెండు గ్లాసులు, అంతే. వేడినీళ్ళు సోలారువి, పొద్దున ఎనిమిది దాకానే. మా ఆయన తొమ్మిదింటికి లేచి చన్నీళ్ళు పోసుకున్నాడు, తప్పు ఆయనదే. వరండాలో కుర్చీలు లాంటానా కట్టెతో చేసినవి. తలంబ్రాల చెట్టంటామే, అదే. పూలు ముద్దుగా ఉంటాయి గానీ బందీపూర్‌లో ఎక్కడికక్కడ అల్లుకుపోయి జింకలకు గడ్డి మొలవనీయదు. దాన్ని కొట్టి కుర్చీ చేశారంటే కూర్చోబుద్ధయింది. అడవి దారిలో 2009 నుంచి రాత్రి తొమ్మిది మొదలు పొద్దున ఆరు దాకా మామూలు బండ్లను వదలరు. రింగ్ రోడ్డు మోతకు అలవాటుపడ్డ నాకు మొదటి రాత్రి నిద్రే పట్టలేదు.

సఫారీ లాడ్జి చేతిలో లేదు, ప్రభుత్వం బండ్లలోనే పోవాలి. పులి కనబడలేదు. ఏనుగులు కనబడ్డాయి, చాలు.

రెండో రోజు తెల్లారి నడుస్తూ వంటింటి వెనక్కి పోయా. గుంత నిండా ఇడ్లీలు, బిర్యానీ, కోడి ఎముకలు. మూత లేదు, కంచె లేదు. తడి మట్టి మీద అడవిపందుల గిట్టల అచ్చులు, పెద్దవీ చిన్నవీ. వంటాయన మదనపల్లె మనిషి.

"ఏందన్నా ఇది?"

"బఫే కదక్కా, సగం మిగుల్తాది. రాత్రి పందులొచ్చి తినిపోతాయి, మాకూ పని తప్పుతాది."

"పందుల వెనక చిరుత రాదా?"

ఆయన గరిటె కడుగుతూ ఉండి, "పోయిన వారం కుక్క కనబడకుండా పోయిందక్కా" అన్నాడు.

మా పీజీలో 64 మందికి వండుతాం. రాత్రికి ఎవరెవరు తినరో మధ్యాహ్నమే వాట్సాప్‌లో అడిగి ఆ లెక్కనే బియ్యం పోస్తాం. 18 గదుల లాడ్జికి ఇదేం బ్రహ్మవిద్యా?

బిల్లులో రోజుకు 250 రూపాయలు 'ఎకో ఛార్జీ' వేశారు. దేనికని అడిగితే మొక్కలు నాటుతామన్నాడు మేనేజరు. ఈ రెండు రోజుల డబ్బులతో గుంతకు రేకు మూత కొనమని చెప్పి, ఫొటో పంపమని నా నంబరిచ్చా. పది రోజులైంది, ఇంకా రాలేదు. అయిదుకు మూడు.