అంగారకుడి మీద నీళ్ల ట్యాంకు: 400 గంటల తర్వాత ‘సర్వైవింగ్ మార్స్’

నా మొదటి కాలనీలో ఒక్కరూ మిగల్లేదు. నీళ్లు లేక పోయారు. అప్పటికి గేమ్ కొని వారమే.

‘సర్వైవింగ్ మార్స్’ అంగారకుడి మీద కాలనీ కట్టే గేమ్, 2018 మార్చిలో వచ్చింది. చేసింది బల్గేరియా రాజధాని సోఫియాలోని ఒక స్టూడియో. నేను 2019లో డిస్కౌంట్‌లో కొన్నాను. మధ్యలో ఏడాది పాటు ముట్టుకోకపోయినా 400 గంటలు దాటింది. 2025లో ‘రీలాంచ్డ్’ పేరుతో కొత్త ముస్తాబులో మళ్లీ వచ్చింది కానీ, ఇక్కడ చెప్పేది పాతదాని సంగతి.

పేరు చూసి యుద్ధాలూ గ్రహాంతర సైన్యాలూ ఉంటాయనుకుంటే నిరాశే. ముందు రాకెట్‌లో డ్రోన్లు దిగుతాయి. కాంక్రీటు తవ్వాలి, కేబుళ్లు, పైపులు వేయాలి, గాలీ నీరూ కరెంటూ సిద్ధం చేసి అప్పుడు 12 మందిని పిలవాలి. వాళ్లు 10 సోల్స్ (అంగారకుడి రోజులు) నిలదొక్కుకుంటేనే కొత్తవాళ్లు వస్తారు. రాకెట్ తిరిగి వెళ్లాలన్నా ఇంధనం అక్కడే నీటితో తయారు చేసుకోవాలి. ఎవరి తరఫున వెళ్లాలీ అని మొదట్లో ఎంచుకునే స్పాన్సర్ల జాబితాలో ఇండియా కూడా ఉంది. నేను ఇంకేం చూడకుండా అదే తీసుకున్నాను. మీరు మాత్రం మొదటిసారి ఇంటర్నేషనల్ మార్స్ మిషన్ తీసుకోండి, డబ్బు బాగా ఇస్తారు.

ఇక నీళ్ల కథ. నేలలో నీళ్లు దొరకని చోట దిగి, గాలిలోని తేమ పట్టే యంత్రాలు నాలుగు పెట్టాను. సోలార్ ప్యానెళ్లు వరసగా పరిచాను. పగలంతా కరెంటు మిగిలిపోతోంది, నీళ్లకు లోటు లేదు. ఇంకేం, మనుషులు ఉండే గోపురం, అదే డోమ్, రెండోది కట్టేశాను. అంతలో దుమ్ము తుఫాను. తుఫాన్లో తేమ పట్టే యంత్రం ఆగిపోతుంది, ఆక్సిజన్ చేసే మాక్సీ కూడా ఆగిపోతుంది. నా దగ్గర ఉన్నది ఒక్క ట్యాంకు.

మా నాన్న సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారు. వెనక కుర్చీలో కూర్చుని ఇదంతా చూసి అన్నారు: “పగలు మిగిలే కరెంటు చూసి మురిసిపోయావు. రాత్రి లోడ్ ఎంతో లెక్కేసుకున్నావా? మోటారు ఆడేది కాసేపు, నీళ్లు వాడేది రోజంతా. ట్యాంకు ఉండొద్దట్రా?”

గేమ్‌లో ఉన్న ట్యుటోరియల్ కంటే ఆ ముక్క ఎక్కువ పనికొచ్చింది. అప్పటినుంచి ఏ డోమ్ కట్టినా ముందు బ్యాటరీలు, ట్యాంకులు, ఆ తర్వాతే మనుషులు. తుఫాన్లో కూడా తిరిగే గాలిమరలు నాలుగు ఎత్తైన చోట తప్పకుండా పెడతాను. వాటి మరమ్మతుకు మెషీన్ పార్టులు కావాలి, అవి మొదట్లో భూమి నుంచే తెప్పించుకోవాలి, అదొక టెన్షన్.

మాక్సీ కల్పన కాదు. నాసా పర్సెవరెన్స్ రోవర్‌తో వెళ్లిన ఆ పేరుగల పరికరం 2021 నుంచి 2023 వరకు అక్కడి కార్బన్ డయాక్సైడ్ నుంచి మొత్తం 122 గ్రాముల ఆక్సిజన్ తీసింది. ఒక మనిషికి రోజుకు 800 గ్రాములకు పైనే కావాలి. అది తెలిశాక గేమ్‌లో ఆ చిన్న డబ్బాని కాస్త గౌరవంగా చూస్తున్నాను.

యంత్రాలు ఓ కొలిక్కి వచ్చాక మనుషులతో అసలు తలనొప్పి. వచ్చేవాళ్లలో తాగుబోతులుంటారు, బద్ధకస్తులుంటారు, పని రాక్షసులుంటారు. రాత్రి షిఫ్టు ఎక్కువైతే మతి స్థిమితం తగ్గుతుంది. తిండి, తోట, సరదా లేకపోతే భూమి మీద బెంగ పెట్టుకుని దొరికిన రాకెట్ ఎక్కేస్తారు. ముసలివాళ్లు పని చేయరు, గాలీ నీరూ మాత్రం అందరిలాగే కావాలి. చాలామంది ఆటగాళ్లలాగే నేనూ వాళ్లకు విడిగా ఒక డోమ్ కట్టి అక్కడికి తరలించాను. ఆటలో అది తెలివైన ఎత్తే. నాన్న మాత్రం కళ్లజోడు సర్దుకుని, “వీళ్లేగా ముందొచ్చి ఇదంతా కట్టింది?” అన్నారు. నేను మౌస్ కదపలేదు కాసేపు. తర్వాత ఆ డోమ్‌ని పక్కదానితో కలుపుతూ ఒక దారి వేశాను. పాయింట్ల పరంగా దానివల్ల ఒరిగిందేం లేదు.

నచ్చనిదీ చెప్పాలి. 150వ సోల్ దాటాక చేతినిండా డబ్బు, గోదాములనిండా సరుకు. ఆట చప్పబడిపోతుంది. ఏడెనిమిది డోమ్‌లున్నప్పుడు ఎవరు ఎక్కడ పని చేస్తున్నారో ఒక్కొక్కటీ తెరిచి చూడ్డం విసుగు. నల్ల ఘనాలు, అద్దపు గోళాల చుట్టూ నడిచే ‘మిస్టరీ’ కథలు మొదటిసారి భలే ఉంటాయి, రెండోసారికి గుట్టు తెలిసిపోతుంది. 2019లో వచ్చిన ‘గ్రీన్ ప్లానెట్’ అనే అదనపు ప్యాక్ ఈ చప్పదనానికి కొంత మందు. వాతావరణం, ఉష్ణోగ్రత, నీరు, పచ్చదనం నాలుగూ పెంచుకుంటూ పోతే చివరికి డోమ్ కప్పు తెరవొచ్చు. పాత గేమ్‌కి ఆ ఒక్కటీ ఉంటే చాలు, మిగతా అదనపు ప్యాక్‌లు లేకపోయినా నడుస్తుంది.

ప్రస్తుత కాలనీ 84వ సోల్‌లో ఉంది. దుమ్ము తుఫాను వస్తోందని ఇప్పుడే హెచ్చరిక పడింది. నాలుగు ట్యాంకులు నిండుగా ఉన్నాయి, అయిదోది డ్రోన్లు కడుతున్నాయి.