కాంటూర్ల కొండ మీద ఏరియల్ చిత్రం: క్యూజీఐఎస్ త్రీడీ వ్యూ సమీక్ష

ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూరు రేఖల నుంచి నేల ఎత్తుపల్లాలను త్రీడీలో నిర్మించి, దాని మీద ఏరియల్ చిత్రాన్ని (ఆకాశం నుంచి తీసిన ఫోటోను) దుప్పటిలా కప్పి చూడాలనుకునేవారికి నేను ముందుగా చెప్పే పేరు క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్. ఇది ఉచితంగా దొరుకుతుంది; 2018లో వచ్చిన 3.0 వెర్షన్ నుంచి త్రీడీ మ్యాప్ వ్యూ ఇందులో భాగమైంది. 10 మీటర్ల అంతరమున్న కాంటూర్లతోనూ, ఒక్కో పిక్సెల్ నేల మీద 50 సెంటీమీటర్లు ఉండే చిత్రంతోనూ ఒక కొండ ప్రాంతాన్ని మొదటి నుంచి చివరి దాకా ఇందులోనే తయారు చేసి చూశాక ఈ సమీక్ష రాస్తున్నాను.

చిత్రాన్ని కప్పడం ఇందులో అన్నిటికంటే తేలికైన పని. మ్యాప్‌లో ఏ లేయర్లు కనిపిస్తున్నాయో అవే త్రీడీలో నేల మీద పరుచుకుంటాయి కాబట్టి, టెర్రెయిన్ సెట్టింగులలో మన డెమ్ రాస్టర్‌ను (గడి గడికీ నేల ఎత్తు నమోదైన ఫైలును) ఎంచుకుంటే సరిపోతుంది. డేటా అంతా మీటర్లలో కొలిచే ప్రొజెక్షన్‌లో (గుండ్రటి భూమిని చదును మ్యాప్‌గా మార్చే పద్ధతిలో) ఉండేలా ముందే చూసుకోవాలి.

అసలు శ్రమంతా కాంటూర్లను డెమ్‌గా మార్చడంలో ఉంది. టిన్ ఇంటర్‌పొలేషన్ సాధనం రేఖల మీది బిందువులను త్రిభుజాలుగా కలిపి, మధ్యలోని ఎత్తులను లెక్కకడుతుంది. ఒక త్రిభుజం మూడు శీర్షాలూ ఒకే కాంటూరు మీద పడితే దానికి వాలే ఉండదు. అందువల్ల శిఖరాలు కత్తితో కోసినట్టు చదునుగా, లోయల అడుగులు మెట్లు మెట్లుగా తయారవుతాయి. కొండకొమ్మున ఉన్న ఎత్తు బిందువులను, వాగుల వెంబడి ఎత్తు తెలిసిన రేఖలను అదనంగా ఇచ్చిన తర్వాతే నా నమూనాకు కొండ రూపం వచ్చింది. అలాంటి డేటా లేనివారు, క్యూజీఐఎస్ లోపలి నుంచే నడపగలిగే గ్రాస్ అనే మరో సాఫ్ట్‌వేర్‌లోని స్ప్లైన్ పద్ధతిని (తెలిసిన ఎత్తుల మీదుగా నునుపైన ఉపరితలాన్ని పరిచేది) ప్రయత్నించవచ్చు. వాలు నునుపుగా వస్తుంది కానీ, ఆ ఉపరితలం ఎంత బిగుతుగా ఉండాలో చెప్పే టెన్షన్ విలువను ఓపికగా సరిచూసుకోవాలి.

ఈ త్రీడీ వ్యూ మీద నాకు గౌరవం కలిగించింది మాత్రం తప్పులను అది బయటపెట్టే తీరు. నా డేటాలో 340 మీటర్ల రేఖ ఒకదానికి అంకెలు తారుమారై 430 అని పడింది. మామూలు మ్యాప్‌లో ఆ రేఖ పక్క రేఖల్లో కలిసిపోయి ఎంత వెతికినా కంటపడలేదు. చిత్రం కప్పగానే అక్కడ 90 మీటర్ల గోడ లేచింది. దాని మీద చెట్ల కొమ్మలు నిలువు చారలుగా సాగిపోయి కనిపించాయి. అలాగే చిత్రం మీద కాంటూరు లేయర్‌ను కూడా ఆన్ చేసి చూస్తే, వాగు సరిగ్గా రేఖల వంపు కొనల గుండా పోతోందో, పక్క గట్టు ఎక్కుతోందో క్షణంలో తేలిపోతుంది. గట్టు ఎక్కుతోందంటే చాలాసార్లు ఆ చిత్రం ఆర్థోగా (ప్రతి చోటూ నిటారుగా పై నుంచి చూసినట్టు) సరిదిద్దినది కాదని అర్థం. ఎత్తైన చోట్లు ఫోటోలో కేంద్రం నుంచి బయటి వైపుకు జరుగుతాయి, చిత్రాన్ని నేల మీద ఎలా కప్పినా ఆ జరుగుబాటు సరికాదు.

డిఫాల్ట్ సెట్టింగులు వేగం కోసం పెట్టినవి. నేలను ముక్కలు చేసిన ఒక్కో టైల్‌కు 16×16 ఎత్తు విలువలు మాత్రమే తీసుకుంటుంది. దానిని పెంచితే సన్నని గట్లు తేలతాయి. మ్యాప్ టైల్ రిజల్యూషన్‌ను 512 నుంచి 1024కు పెంచితే చిత్రం స్పష్టమవుతుంది, కంప్యూటర్ మీద భారమూ పెరుగుతుంది. టైళ్ల మధ్య పగుళ్లు కనిపిస్తే స్కర్ట్ హైట్ (టైల్ అంచుల నుంచి కిందికి దిగే గోడల ఎత్తు) పెంచాలి. ఎత్తులను ఎన్ని రెట్లు చేసి చూపాలో చెప్పే వర్టికల్ స్కేల్‌ను మాత్రం 1 దగ్గరే ఉంచమని నా సలహా: 2 పెడితే 30 డిగ్రీల వాలు 49 డిగ్రీలుగా కనిపిస్తుంది, చూసేవారు దానినే నిజమనుకుంటారు.

నిటారు కొండచరియల దగ్గర మాత్రం ఎక్కువ ఆశించకూడదు. పిక్సెళ్లు పై నుంచి చూసిన కొలతతో ఉంటాయి కనుక, 60 డిగ్రీల వాలు మీద 50 సెంటీమీటర్ల పిక్సెల్ ఒక మీటరు పొడవున సాగుతుంది. ఇక వెలుతురు సంగతి: ఫోటోలో అప్పటికే సూర్యుడి నీడలు ఉంటాయి, సీన్‌లోని లైటు మరో దిక్కు నుంచి పడితే లోయలు గుట్టల్లా భ్రమ కలిగిస్తాయి. టెర్రెయిన్ షేడింగ్‌ను ఆపేశాక నా కొండ చిత్రంలోని నీడలతోనే నిలబడింది.