ఆర్గన్, టెనర్ జోడీ: రెండు రికార్డుల్లో ముందు ఏది?

సోల్ జాజ్‌లో, అంటే బ్లూస్, గాస్పెల్ వాసన ఉన్న జాజ్‌లో, ఆర్గన్, టెనర్ సాక్సోఫోన్ జోడీ వినాలని ఎవరైనా అడిగితే ఎక్కువమంది చెప్పే పేరు ఆర్గన్ వాయించే జిమ్మీ స్మిత్ 'బ్యాక్ ఎట్ ద చికెన్ షాక్'. నేను మాత్రం టెనర్ వాయించే ఎడ్డీ 'లాక్‌జా' డేవిస్ 'కుక్‌బుక్' మొదటి భాగం వినమంటాను. రెండూ వంట పేర్లే, రుచులు మాత్రం వేరు.

'చికెన్ షాక్' 1960 ఏప్రిల్ 25న రికార్డయింది. టెనర్ స్టాన్లీ టర్రెంటైన్, గిటార్ కెన్నీ బరెల్, డ్రమ్స్ డొనాల్డ్ బెయిలీ. బేస్, అంటే అడుగున నడిచే మంద్ర స్వరాలు, వాయించడానికి వేరే మనిషి లేడు. హామండ్ ఆర్గన్ మీద ఎడమ చేత్తో, కాలి కింది పెడళ్లతో ఆ పనీ స్మిత్తే చేసుకున్నాడు. అందుకే కిందనుంచి పైదాకా ఒకే మనిషి నడక వినిపిస్తుంది. టర్రెంటైన్ దాని మీద తాపీగా, నిండుగా వాయిస్తాడు. చాలా బాగుంటుంది. అయినా ఆ ఇల్లు స్మిత్‌ది, టెనర్ అక్కడికొచ్చిన చుట్టం. ఇంకో మాట, దీన్ని ఫోన్ స్పీకర్‌లో వినకండి, ఆ బేస్ సగం పోతుంది.

'కుక్‌బుక్' 1958 జూన్ 20 నాటిది. న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో, రికార్డింగ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ తన తల్లిదండ్రుల ఇంటి హాల్లోనే స్టూడియో నడిపిన రోజులవి. ఆర్గన్ షర్లీ స్కాట్. బేస్‌కి జార్జ్ డువివియర్ ఉన్నాడు కాబట్టి ఆమెకి ఆ బరువు లేదు. ఆ తేడా వినాలంటే 'ఇన్ ద కిచెన్' పెట్టండి. దాదాపు 13 నిమిషాల నెమ్మది బ్లూస్. డేవిస్ టెనర్‌లో ఒక గరుకుదనం ఉంటుంది, గద్దించినట్టే వాయిస్తూ ఉన్నట్టుండి గొంతు తగ్గిస్తాడు. అలాంటి మనిషి వెనక ఆర్గన్ కూడా గట్టిగా మోగితే వినలేం. స్కాట్ అతన్ని వింటూ వాయిస్తుంది, తన వంతు వచ్చేదాకా ఆగుతుంది. జోడీ అంటే నాకు ఇదే. జెరోమ్ రిచర్డ్‌సన్ ఫ్లూట్ మాత్రం నాకు కొంచెం అడ్డు అనిపిస్తుంది.

ఒక్క ఆర్గన్ ఎంత చేయగలదో తెలియాలంటే 'చికెన్ షాక్'కి సాటి లేదు. ఇద్దరి మాటామంతీ కావాలంటే 'కుక్‌బుక్'.

టర్రెంటైన్ టెనర్, స్కాట్ ఆర్గన్ ఒకేచోట కావాలనుకుంటే అదీ ఉంది. 1960ల్లో వాళ్లిద్దరూ భార్యాభర్తలు. 1964లో కెన్నీ బరెల్‌ని కూడా కలుపుకుని 'హస్లిన్' రికార్డు చేశారు.