కారు బ్యాటరీ ఎప్పుడు మార్చాలి: గడువు చూసా, పూర్తిగా పోయాకా, సెల్ఫ్ కొట్టి చూసా?

"నాలుగేళ్లయింది, బానే స్టార్టవుతోంది, ఇప్పుడే మార్చాలా?" ఈ మధ్య ఎవరు కలిసినా ఇదే ప్రశ్న. పోయిన నెలే నాదీ మార్చాను కాబట్టి చెబుతున్నాను.

కొందరు క్యాలెండర్ చూసి మారుస్తారు. మూడేళ్లు నిండితే చాలు, తీసి పక్కన పెట్టేస్తారు. దారిలో ఆగిపోతుందన్న బెంగ ఉండదు, నిజమే. కానీ మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ మూడేళ్లకే చేతులెత్తేయొచ్చు, ఐదేళ్లూ లాగొచ్చు. రోజంతా ఎండలో నిలబెట్టే బండికి వేడి వల్ల లోపల ప్లేట్లు త్వరగా అరుగుతాయి. రెండు కిలోమీటర్లు తిరిగి ఆగే బండికేమో ఎప్పుడూ పూర్తిగా ఛార్జ్ ఎక్కక ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. వయసు ఒక్కటే చూస్తే ఇవేవీ తెలియవు.

పూర్తిగా పోయేదాకా వాడదామనేవాళ్లు, వేరే బండి బ్యాటరీ నుంచి కరెంటు అందుకునే జంపర్ కేబుల్ డిక్కీలో పెట్టుకోవాల్సిందే. అడుగంటా ఖాళీ అయిన ప్రతిసారీ బ్యాటరీ ఆయుష్షు ఇంకొంత తగ్గుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

నా ఓటు సెల్ఫ్ కొట్టి చూడటానికే. చాలామంది మల్టీమీటర్ పెట్టి, 12.6 వోల్టులు చూపిస్తే ఫుల్ ఛార్జ్ ఉందని మురిసిపోతారు. రాత్రంతా ఆగి ఉన్న బండిలో నాది 12.5 చూపించింది. నేనూ మురిసిపోయాను. తర్వాత మా అబ్బాయిని సెల్ఫ్ కొట్టమని, మీటరు మీదే కన్నేసి ఉంచాను. అంకె ఒక్కసారిగా 8.9కి జారింది. ఇంజిన్ అందుకుంది, కానీ మూలుగుతూ. వోల్టేజి ఉంది, సత్తువ లేదన్నమాట. మామూలు వాతావరణంలో సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే కిందికి పడితే అనుమానించాలి. బాగున్న బ్యాటరీ సాధారణంగా పదికి పైనే నిలబడుతుంది.

అయితే బ్యాటరీ మీద నేరం మోపేముందు టెర్మినల్స్ మీద పేరుకున్న తెల్లటి పొడి గీకి, బిగించి, ఫుల్ ఛార్జ్ చేసి మళ్లీ చూడండి. ఇంజిన్ నడుస్తుండగా మామూలుగా 13.8 నుంచి 14.5 వోల్టుల దాకా ఉండాలి. బాగా తక్కువుంటే ముందు, బ్యాటరీకి ఛార్జ్ ఎక్కించే ఆల్టర్నేటర్‌ని చూపించండి, లేకపోతే కొత్త బ్యాటరీ కూడా వారంలో పడుకుంటుంది. చలికాలం రాకముందే ఈ పరీక్ష చేసుకోవడం మంచిది. బ్యాటరీని పాడుచేసేది ఎండాకాలమే అయినా, ఆ సంగతి బయటపడేది చలి పొద్దుటే.

బ్యాటరీలో పోసే మందులూ పొడులూ ఉన్నాయి. వాటి జోలికి నేను పోను. స్టార్ట్-స్టాప్ (సిగ్నల్ దగ్గర ఇంజిన్ దానంతటదే ఆగి మళ్లీ స్టార్టయ్యే ఏర్పాటు) ఉన్న బండికి ఏజీఎమ్ (యాసిడ్ గాజు పీచులో ఇంకి ఉండే రకం బ్యాటరీ) వచ్చి ఉంటే మళ్లీ ఏజీఎమ్మే వేయించాలి.

ఇంత చెప్పే నేను, ఆ 8.9 చూశాక కూడా "ఆదివారం చూద్దాంలే" అనుకున్నాను. గురువారం పొద్దున తాళం తిప్పితే టక్ టక్ చప్పుడే తప్ప ఇంజిన్ కదల్లేదు.