పీర్ వర్కర్లకు సూపర్‌విజన్ సేవ: ఏడాది అనుభవం

ఒకప్పుడు మానసిక సమస్యతో ఆసుపత్రిలో ఉండి, ఆ స్వానుభవంతోనే ఇప్పుడు అక్కడి రోగులకు తోడుగా నిలిచే పీర్ వర్కర్‌గా పనిచేస్తున్న నేను, మావంటి ఉద్యోగుల కోసమే నడిచే ఒక సూపర్‌విజన్ సేవను, అంటే పనిలో ఎదురయ్యే చిక్కులను అనుభవమున్న వ్యక్తితో మాట్లాడుకునే ఏర్పాటును, ఏడాదిగా ఉపయోగించుకుంటున్నాను. నెలకు రెండుసార్లు, గంటసేపు మాట్లాడుకుంటాం. నడిపించే ఆవిడ కూడా పీర్ వర్కర్‌గా పనిచేసినవారే.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఆవిడ ప్రశ్నలు అడిగే తీరు. మొదటి రోజు నా ఆరోగ్యం గురించి ఆరా తీయకుండా, "ఈ పదిహేను రోజుల్లో మీ గతం ఎవరికైనా చెప్పారా? అంత చెప్పకుండా ఉండాల్సిందని తర్వాత అనిపించిందా?" అని అడిగారు. అంతకు వారం ముందే వార్డులో ఒక యువకుడు గుచ్చిగుచ్చి అడిగితే, నన్ను ఆసుపత్రిలో చేర్చిన రాత్రి సంగతంతా చెప్పేసి, ఇంటికి వెళ్లాక తెల్లవారేదాకా నిద్రపట్టక కూర్చున్నాను. అందులో అతనికి పనికొచ్చే మాటలేవో, నా గుండె బరువు దించుకోవడానికి చెప్పినవేవో ఇద్దరం కాగితం మీద విడదీసి రాసుకున్నాం. అతను మళ్లీ అడిగినప్పుడు రెండే వాక్యాలు చెప్పి, "మీకు ఆ మొదటి రాత్రి ఎలా గడిచింది?" అని అడగగలిగాను. ఆ రోజు ఎక్కువసేపు మాట్లాడింది అతనే.

ఈ సేవలో చేరకముందు, పని ఎక్కువై అలసిపోయానని మా విభాగంలో చెప్పుకుంటే, "మందులు సరిగ్గా వేసుకుంటున్నారా?" అన్నారు. నర్సు ఎవరైనా అదే మాట చెబితే సెలవు తీసుకోమనేవారు. ఆ తేడా నన్ను చాలా బాధపెట్టింది, ఎందుకంటే మా పని దయతో ఇచ్చినది కాదు: 2,796 మంది పాల్గొన్న 11 పరిశోధన ప్రయోగాలను పరిశీలించి, వైద్య పరిశోధనలను కలిపి విశ్లేషించే కాక్రేన్ సంస్థ 2013లో వెలువరించిన సమీక్షలో, పీర్ వర్కర్ల సాయం పొందినవారి ఫలితాలు అదే తరహా బాధ్యతల్లో ఉన్న వృత్తి నిపుణుల వల్ల కలిగిన వాటికి తీసిపోలేదు, మించిపోలేదు.

ఈ సేవలో పెద్ద లోపం ఒకటుంది. సమావేశాల నోట్సు నా పై అధికారికి కూడా చేరుతాయి. జీతం, సెలవు, పనితీరు మదింపు ఎవరి చేతిలో ఉన్నాయో వారికే నా భయాలూ తెలుస్తాయంటే నోరు విప్పడం కష్టం. రెండుసార్లు రాతపూర్వకంగా అడిగాక, పూర్తి నోట్సుకు బదులు క్లుప్త సారాంశం మాత్రమే పంపుతున్నారు. అదీ ఆపాలని నా అభ్యర్థన. వార్డుకొక్కరే ఉండే మాకు పక్క విభాగాల పీర్ వర్కర్లతో కలిసి కూర్చునే వీలు ఇంకా కల్పించలేదు.

అయినా చేరమనే చెబుతాను, కానీ నోట్సు ఎవరెవరు చూస్తారో మొదటి సమావేశానికి ముందే రాతలో తీసుకోండి.